మొహమాటానికి కొన్న ట్రైలర్

ఆ శనివారం నిశాంత్ ఇంట్లోంచి బయల్దేరింది ఎండుటాకులు ఊడ్చే రేక్ కొనడానికి. తిరిగొచ్చింది ట్రైలర్‌తో.

దీనికంతటికీ మూలం మొహమాటం. కొట్లో తెల్ల మీసాల పెద్దాయన ఒకాయన పనిగట్టుకుని పక్కకొచ్చి ఆ బుల్లి ట్రైలర్ గొప్పతనమంతా వివరించాడు. కారు వెనక తగిలించుకోవచ్చన్నాడు. పనయ్యాక మడతమంచంలా మడిచి గరాజ్‌లో గోడకి ఆనించెయ్యొచ్చన్నాడు. మధ్యలో మనవరాళ్ళ ఫొటోలు చూపించాడు. మనవరాళ్ళ ఫొటోలు చూశాక వద్దనడం ఎలాగో నిశాంత్‌కి తెలియదు. కరీంనగర్‌లో అతన్ని కన్నవాళ్ళకీ తెలియదు. వాళ్ళింట్లో "వద్దు" అనే మాట మారు వడ్డించేటప్పుడు మాత్రమే వాడతారు, అప్పుడు కూడా ఎవరూ నమ్మరు.

ట్రైలర్ డబ్బాల్లో విడి ముక్కలుగా వచ్చింది. వారాంతమంతా కింద కూర్చుని బోల్టులు బిగించాడు. కారు వెనక ట్రైలర్ తగిలించే హిచ్ కూడా పెట్టించుకొచ్చాడు. హెర్న్‌డన్‌లో తన టౌన్‌హౌస్ ముందు దాన్ని నిలబెట్టుకుని మురిసిపోతుంటే వెనకనుంచి ఒక గొంతు వినిపించింది.

"ఎక్స్‌క్యూజ్ మీ. ఇది మీదేనా?"

తిరిగి చూశాడు. చూశాక, ఆ అమ్మాయి ఏమడిగిందో మర్చిపోయాడు. జుట్టు పైకి చుట్టి అందులో పెన్ను గుచ్చుకుంది. చూపు ఆ పెన్ను కన్నా సూటిగా ఉంది.

"అవునండీ. మీరు తెలుగా?"

"తెలుగే. కానీ ఇప్పుడు హెచ్‌ఓఏ తరఫున వచ్చాను. అదే, ఈ కాలనీ కమిటీ, అందులో నేనూ ఉన్నాను. పేరు నిధి, చివరి ఇల్లు మాది. ఇక్కడ ట్రైలర్లు బయటికి కనిపించకూడదు."

"కనిపించకుంటెట్ల ఉంటదండీ, ఇంత పెద్దది?"

"అందుకేగా మడతది కొన్నారు!"

"కొన్న. మడవడం రావట్లేదు. ఆయన అది చెప్పేటప్పుడు నేను మనవరాళ్ళ ఫొటోలు చూస్తున్న."

నిధి నవ్వు ఆపుకోవడానికి ట్రైలర్ వైపు తిరిగింది. రెండు పక్కలా ఉన్న పిన్నులు లాగింది. వెనక సగాన్ని ఎత్తి ముందు సగం మీద వాల్చింది. "అటు పట్టుకోండి" అంది. ఇద్దరూ కలిసి లేపితే, ఆ ఇనుప సామానంతా బుద్ధిగా చిన్న చక్రాల మీద నిలబడి గరాజ్‌లోకి నడిచింది.

"మీకివన్నీ ఎట్ల తెలుసు?"

"ఫిజికల్ థెరపిస్ట్‌ని. మడతపడనని మొండికేసే మోకాళ్ళతో రోజూ ఇదే పని."

ఆమె వెళ్ళిపోయింది. నిశాంత్ ట్రైలర్‌ని మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచి, ఆమె చేతులు ఎక్కడెక్కడ పెట్టిందో గుర్తు చేసుకుంటూ ఆ పూటంతా గడిపేశాడు.

మనవాళ్ళలో ఒకడికి ట్రైలర్ ఉందన్న సంగతి ఎంతసేపు దాగుతుంది? మొదట తెలిసింది నిధి వాళ్ళమ్మ రాధారాణికే. ఆవిడ ముందు పూజ జరగాలంది. బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచి, కొబ్బరికాయ కొట్టింది. హారతి కళ్ళకద్దుకుంటూనే, పక్కూరు షాంటిలీలో ఒక పరుపు ఉంది, తెచ్చిపెట్టగలవా బాబూ అంది.

"అట్లనే ఆంటీ" అన్నాడు నిశాంత్.

ఆ "అట్లనే" ఊరంతా పాకింది. ఒకరికి సోఫా. ఒకరికి డైనింగ్ టేబుల్. ఇంకొకరికి బేస్‌మెంట్‌లో బట్టలు ఆరేసుకోవడానికి తప్ప దేనికీ పనికిరాని ట్రెడ్‌మిల్. అడిగినవాళ్ళందరికీ ఒకటే జవాబు, అట్లనే ఆంటీ, అట్లనే అంకుల్. ట్రైలర్ కొన్నవాడు తన ఇంటి ఎండుటాకులు మాత్రం ఇంకా ఊడ్చుకోలేదు.

ప్రతి ట్రిప్‌లోనూ నిధి పక్క సీట్లో ఉండేది. కారణం, నిశాంత్‌కి రివర్స్ రాదు. ట్రైలర్‌తో వెనక్కి వెళ్ళేటప్పుడు స్టీరింగ్ ఒకవైపు తిప్పితే అది రెండోవైపు పోతుంది. అతను కంగారుపడి ఇంకా తిప్పుతాడు, అది ఇంకా అలిగి కారు మీదికి తిరుగుతుంది.

"స్టీరింగ్ కింద పట్టుకో. చెయ్యి ఎటు జరిపితే ట్రైలర్ అటు వస్తుంది. అంతే!" అనేది నిధి.

"అంతేనా?"

"నన్ను చూడకు, అద్దంలో చూడు."

అద్దంలో కూడా అతను ఆమెనే చూసేవాడు. అందుకే నేర్చుకోవడం ఎంతకీ పూర్తి కాలేదు. నిజం చెప్పాలంటే పూర్తి కావాలని ఇద్దరికీ లేదు. మీరు పోయి నువ్వు వచ్చింది కూడా ఆ రివర్స్‌ల మధ్యే.

ఒకరోజు ఎవరిదో పుస్తకాల బీరువా తీసుకొస్తుంటే కుండపోతగా వాన పట్టుకుంది. రోడ్డు పక్కన ఆపి, ఇద్దరూ దిగి, టార్పాలిన్ కప్పి తాళ్ళు బిగించేసరికి ముద్దగా తడిసిపోయారు. కార్లోకి వచ్చి కూర్చున్నాక అద్దాలన్నీ ఆవిరి పట్టాయి. నిధి చున్నీ కొస పిండుకుంటూ అడిగింది.

"ఊళ్ళో అందరి సామానూ మోస్తున్నావు. నీకోసం ఏమైనా మోశావా?"

"నాకేం ఉందని మోయాలె?"

"ఏమీ వద్దా? నిజంగా? నీకేం కావాలి నిశాంత్?"

అతనికి ఏం కావాలో అతని పక్కనే కూర్చుని ఉంది, ముక్కు చివర నీటిబొట్టుతో సహా. ఆ మాట చెప్పడానికి అద్దం ముందు ఎన్నిసార్లు సాధన చేశాడో అతనికే తెలుసు. నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే కారు స్పీకర్‌లో ఫోన్ మోగింది.

"బాబూ నిశాంత్, శశికళ ఆంటీని. మా పాత ఫ్రిజ్ ఒకటుందయ్యా..."

"అట్లనే ఆంటీ!"

నిధి కిటికీ వైపు తిరిగింది. ఇటు తిరక్కుండానే, "నీ నోటికి ఇంకో మాట రాదా? కుదరదు అను. ఒక్కసారి. నాతోనే అను, ప్రాక్టీస్" అంది.

"నీతో ఎట్లంట?"

"ఏం, ఎందుకనలేవు?"

"నీకు కుదరదనేది నా దగ్గర ఏముంటది?"

అన్నాక, తానేమన్నాడో అతనికే అర్థమై చెవులు వేడెక్కాయి. నిధి కదలకుండా చూస్తోంది. ఇంకొక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట కోసం ఎదురుచూస్తోంది. నిశాంత్ గభాల్న వైపర్లు వేసి, "వాన తగ్గినట్టుంది" అన్నాడు. వాన ఏమాత్రం తగ్గలేదు.

ఆ వారంలోనే రాధారాణి ఫోన్ చేసింది.

"నిశాంత్ బాబూ, ఆదివారం మా ఇంటికి చాలామంది వస్తున్నారు. తెలుగు అసోసియేషన్ వాళ్ళ మడత కుర్చీలు శశికళ గరాజ్‌లో ఉన్నాయిట. కాస్త తెచ్చిపెడతావా?"

"అట్లనే ఆంటీ. ఫంక్షనా?"

"ఫంక్షనేం కాదు. నిధికి పెళ్ళిచూపులు. నేపర్‌విల్ నుంచి ఉమామహేశ్వరి వాళ్ళు వస్తున్నారు. అబ్బాయి కిరణ్‌కుమార్, డాక్టరు. నీకు పుణ్యముంటుంది బాబూ, మంచి కుర్చీలు చూసి తీసుకురా."

ఫోన్ పెట్టేశాక నిశాంత్ గరాజ్‌లో, మడిచిన ట్రైలర్ పక్కన, తనూ మడతపడి కూర్చున్నాడు. ముందు సరేననేసి తర్వాత కారణం అడిగే మనిషికి ఇంతకన్నా ఏం జరుగుతుంది? ఆ స్థితిలోనే నిధి వచ్చి పట్టుకుంది.

"అమ్మ ఫోన్ చేసిందా?"

"చేసింది."

"నా పెళ్ళిచూపులకి కుర్చీలు తెస్తానన్నావా?"

"ఆంటీ అడిగిన్రు కదా..."

"అడిగితే తెచ్చేస్తావా?" ఆమె ట్రైలర్ పిన్నొకటి లాగి, మళ్ళీ గుచ్చేసింది. "సరే. రెండు ఎక్కువే తీసుకురా. చాలకపోతే బాగోదు."

గరాజ్ తలుపు దానంతటదే మూసుకునేది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆమె దాన్ని వేసే చప్పుడుకి కాలనీ అంతా లేచేది.

ఆదివారం వచ్చింది. నిశాంత్ కుర్చీలన్నీ వరసగా పేర్చి, పట్టీలతో బిగించి, నిధి వాళ్ళింటి ముందుకి తెచ్చాడు. దారంతా ఒక వాక్యం వల్లించుకున్నాడు. ఇల్లు కనిపించగానే దాన్ని మర్చిపోయాడు. పై కిటికీలో ఆకుపచ్చ చీర కనిపించింది. ఆమె చూస్తోంది. ఈసారి పక్క సీట్లోకి రాలేదు, ఎటు తిప్పాలో చెప్పలేదు.

చెప్పడానికి మిగతావాళ్ళు లేకపోలేదు. నిధి నాన్న మూర్తిగారు లుంగీ ముడి బిగించుకుంటూ వచ్చి, "రైట్ కొట్టు, రైట్ కొట్టు, రానీ" అన్నారు. రాధారాణి గరిటె ఊపుతూ, "రైటేమిటండీ, లెఫ్ట్!" అంది. నిశాంత్ ఇద్దర్నీ కాదనలేక రెండు వైపులా తిప్పాడు. ట్రైలర్ డ్రైవ్‌వేకి అడ్డంగా తిరిగి, కారుతో మూతి కలిపి, ఇంక కదలనని కూర్చుంది. అప్పుడే అతిథుల అద్దె వ్యాను వచ్చి ఆగింది. దాని వెనక చుట్టాల కార్లు రెండు. లోపలికి రావడానికి దారి లేదు.

"పోనీలేవయ్యా, బండి సంగతి తర్వాత చూద్దాం. ముందు కుర్చీలు దించెయ్" అన్నారు మూర్తిగారు.

నిశాంత్ దిగాడు. పట్టీ మీద చెయ్యి వేశాడు. విప్పలేదు.

"దించనంకుల్."

"ఏం, నడుం పట్టేసిందా?"

"నడుం మంచిగనే ఉందంకుల్. ఈ పెళ్ళిచూపులకి నేను కుర్చీలు దించ. నాకు నిధి అంటే ఇష్టం. చాన్నాళ్ళ నుంచి ఇష్టం. చెప్పడం రాక చెప్పలే."

మూర్తిగారి చెయ్యి లుంగీ ముడి మీదే ఆగిపోయింది. వ్యాన్‌లోంచి దిగబోతున్న ఉమామహేశ్వరి ఒక కాలు బయటా ఒక కాలు లోపలా ఉంచి వినసాగింది.

రాధారాణే ముందు తేరుకుంది. "మరి తెస్తానని ఎందుకన్నావయ్యా?"

"మీరడిగిన్రు కదా ఆంటీ. కాదనలేకపోయిన."

"ఇప్పుడు అంటున్నావుగా!"

"ఇప్పుడు కూడా కష్టంగనే ఉందాంటీ. కాళ్ళు వణుకుతున్నయ్."

అయినా పట్టీ మీద చెయ్యి తియ్యలేదు. జీవితంలో మొదటిసారి ఒకర్ని కాదన్నాడు, అది కూడా ఇంత మంది ముందు. ఇప్పుడు నిధి ఏమంటుందో తెలియదు. తలెత్తి చూస్తే కిటికీలో ఆకుపచ్చ చీర లేదు.

అంతలో వ్యాన్‌లోంచి పెళ్ళికొడుకు కిరణ్‌కుమార్ దిగాడు. పుట్టిందీ పెరిగిందీ ఇల్లినాయ్‌లోనే. తెలుగు అతని నోట్లో కొంచెం తడబడుతూ నడుస్తుంది.

"సో, స్లో గై ఇతనేనా?"

"స్లో గై ఎవర్రా?" అంది ఉమామహేశ్వరి.

"నిధి ఫోన్‌లో చెప్పింది అమ్మా. ఒక అబ్బాయి ఉన్నాడు, మంచివాడు, కానీ మాట్లాడడు అని. నన్ను రమ్మంది. అతను అప్పుడు మాట్లాడతాడేమో చూద్దాం అని. నాకు పకోడీలు ప్రామిస్ చేసింది."

"పకోడీలకి నన్ను విమానం ఎక్కించావా!"

తలుపు దగ్గర నిధి నిలబడి ఉంది. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని మెట్లు దిగి నేరుగా నిశాంత్ ఎదురుగా వచ్చి ఆగింది.

"ఇవాళ కూడా కుర్చీలు దించేసి వెళ్ళిపోయి ఉంటే?" అంది.

"ఉంటే?"

"ఈ డాక్టర్ని కాకపోయినా ఇంకెవర్నో చేసుకునేదాన్ని. నిన్ను మాత్రం కాదు. ఏడ్చుకుంటూ అయినా సరే."

ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. పెదవుల మీద మాత్రం అల్లరి అలాగే ఉంది. నిశాంత్‌కి రెండూ ముద్దుగానే అనిపించాయి.

మూర్తిగారు కూతుర్ని చూశారు, భార్యని చూశారు, వీధిలో నిలబడ్డ చుట్టాల్ని చూశారు. "పెళ్ళికొడుకు ఎవరైతేనేం, వచ్చినవాళ్ళు నిలబడే ఉన్నారు. ఇప్పుడైనా దించుతావా అల్లుడూ?" అన్నారు.

అల్లుడు అన్న మాట ఆయన నోట్లోంచి ఎప్పుడు జారిందో ఆయనకే తెలియలేదు. వెనక్కి మాత్రం తీసుకోలేదు.

రాధారాణి పరుగున వెళ్ళి ఉమామహేశ్వరి చేతులు పట్టుకుంది. "ఏమీ అనుకోకు వదినా, నా కూతురు ఇంత పని చేస్తుందనుకోలేదు."

"నా కొడుకు మాత్రం తక్కువ తిన్నాడా? వచ్చినదాన్ని ఎలాగూ వచ్చాను. ఈ ఊళ్ళో నోరున్న పిల్లలు ఇంకెవరైనా ఉంటే చెప్పు" అంది ఉమామహేశ్వరి.

కిరణ్‌కుమార్ ఈలోగా ట్రైలర్ చుట్టూ ఒక రౌండ్ వేసి వచ్చాడు. "ఇంత చిన్నదానికి రివర్స్ ఎందుకు, బ్రో? అన్‌హుక్ చేసి చేతితో తోసెయ్యి."

నిశాంత్, నిధి మొహమొహాలు చూసుకున్నారు. ఇన్ని నెలల రివర్స్ పాఠాల్లో ఇద్దరికీ ఆ ఆలోచనే రాలేదు. వచ్చి ఉంటే పాఠాలు ఉండేవా? హిచ్ విప్పారు. ఇద్దరూ చెరోపక్క పట్టుకుని తోస్తే ట్రైలర్ మారాం చెయ్యకుండా లోపలికి వచ్చేసింది. చుట్టాలే తలా రెండు కుర్చీలు దించుకుని కూర్చున్నారు.

పకోడీలు అయ్యాయి. కాఫీలు వచ్చాయి. నిధి ట్రే పట్టుకుని వచ్చింది. మొదటి కప్పు ఎవరికిస్తుందో అందరికీ తెలుసు, అయినా అందరూ చూశారు. ఆమె నేరుగా నిశాంత్ దగ్గరికి వెళ్ళి వంగి కప్పు అందించింది.

అతను ఒక గుక్క తాగాడు. కళ్ళు పెద్దవయ్యాయి.

"ఎలా ఉంది?" అంది నిధి, మహా వినయంగా.

నిన్నటి నిశాంత్ అయితే మంచిగుందని చెప్పి మొత్తం తాగేసి, ఇంకో కప్పు కూడా అడిగేవాడు. ఇవాళ్టి నిశాంత్ కప్పుని మెల్లగా ట్రేలో పెట్టేశాడు.

"ఇది నేను తాగ. ఉప్పేసినవ్. ఇంకోటి తీస్కరా."

"ఉప్పేమిటే రాక్షసీ!" అని రాధారాణి కుర్చీలోంచి లేచింది.

నిధి అప్పటికే పగలబడి నవ్వుతోంది. నవ్వుతూనే వాళ్ళమ్మ వైపు తిరిగి, వచ్చినవాళ్ళందరికీ వినపడేలా చెప్పింది.

"అమ్మా, అబ్బాయి నాకు నచ్చాడు."