విల్ఫ్ షెడ్డులో సుత్తి చప్పుడు

మా ఊళ్ళో చీకటి పడ్డాక రేవు వెనక సందులోంచి ఎవరూ నడవరు. సముద్రపు గాలికి ఎదురీదుకుంటూ చర్చి చుట్టూ తిరిగొస్తారు గానీ ఆ సందు మాత్రం తొక్కరు. అక్కడొక రేకుల షెడ్డు ఉంది. విల్ఫ్ షెడ్డు అంటారు. విల్ఫ్ పోయి ఇరవై ఏళ్ళయినా ఆ పేరు మాత్రం పోలేదు.

విల్ఫ్ పాత కార్లు బాగుచేసేవాడు. మనిషి మంచివాడే, ఒళ్ళు వంచడమే గిట్టదు. మాదేమో ఉప్పుగాలి తగిలే ఊరు. పైగా చలికాలమంతా మంచు కరగడానికి రోడ్ల మీద కూడా ఉప్పే చల్లుతారు. కిందా పైనా ఉప్పైతే ఇనుము ఎన్నాళ్ళు నిలుస్తుంది? బండి బరువంతా మోసే ఛాసీకి తుప్పు పట్టి చిల్లు పడితే, కుళ్ళినంత మేరా కోసేసి కొత్త ఇనుము పెట్టి వెల్డింగ్ చెయ్యాలి. విల్ఫ్ ఏం చేసేవాడంటే — ఆ చిల్లులో పాత పేపర్లు కుక్కి, పైన లప్పం మెత్తి, దాని మీద నల్లగా తారు పూసేవాడు. చూడ్డానికి నదురుగా ఉండేది.

అలా మెత్తిన బండి ఒకటి కొండ మలుపులో రెండు ముక్కలైంది. అందులో మా ఊరి పాలాయన, ఆయన భార్య ఉన్నారు. ఆ ఏడాదే విల్ఫ్ కూడా మంచం పట్టి పోయాడు.

అప్పట్నించీ... తాళం వేసిన షెడ్డులోంచి సుత్తి చప్పుడు వినిపిస్తుందంటారు.

టింగ్... టింగ్... టింగ్...

టప్.

మా ఊరివాళ్ళకి దాని అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు. ఛాసీ పొడవునా చిన్న సుత్తితో కొట్టుకుంటూ పోతే మంచి ఇనుము ఖంగుమంటుంది, కుళ్ళిన చోట చప్పుడు మూగబోతుంది. విల్ఫ్ తాను దాచిన చోటు కోసం ఇంకా వెతుక్కుంటున్నాడట.

నేను నమ్మేవాణ్ణి కాదు. ఏటేటా బండ్లను పరీక్షించి, ఇది రోడ్డెక్కొచ్చు, ఇది ఎక్కకూడదు అని కాగితం రాసివ్వడం ముప్పై ఏళ్ళు నా ఉద్యోగం. అలాంటి సుత్తి నా జేబులోనూ ఉండేది. వదులైన రేకు గాలికి చప్పుడు చెయ్యదా ఏమిటని అందరినీ దబాయించేవాణ్ణి. అలా దబాయించి నేనూ చర్చి మీదుగానే ఇంటికి పోయేవాణ్ణనుకోండి, అది వేరే సంగతి.

ఆ సందు తొక్కే మనిషి ఊరంతటికీ ఒక్కడే — ఎర్నీ. వాడి ఇల్లు సందు చివర. పైగా ఆ షెడ్డు వాడి కొడుకు అద్దెకు తీసుకున్నదే. ఇప్పుడు చెప్పబోయేది ఎర్నీ స్వయంగా నాకు చెప్పింది. వాడికి కథలు కట్టడం రాదు, అందుకే నమ్మాను.

ఎర్నీ నలభై ఏళ్ళు ఓడల కార్ఖానాలో ఇనుప రేకులు అతికాడు. ఆ మోతకి చెవులు మందగించాయని ఊరంతా అనుకునేది. వాడికి ఒక్కడే కొడుకు, కీత్. ఎక్కడో కోళ్ళ పాకలో కుళ్ళిపోతున్న పందొమ్మిదివందల ముప్పై ఎనిమిదినాటి టాపు లేని కారు ఒకటి కీత్ కంటబడింది. దాని ఛాసీ ఎలా ఉండేదంటే, వేలితో నొక్కితే బిస్కెట్టులా పొడి రాలేది. "దీన్ని తుక్కుకి అమ్మి ఆ డబ్బుతో బీరు తాగరా నాయనా" అన్నాను. కీత్ వినలేదు. తన కూతురు జూడీని పెళ్ళినాడు ఆ కార్లోనే చర్చికి తీసుకెళ్తానని మాటిచ్చాడట.

రెండేళ్ళు పట్టింది. బాడీ విప్పి గోడకి ఆనించాడు. ఛాసీ వంకరపోకుండా అడ్డంగా కడ్డీలు బిగించి, కుళ్ళిన చోటల్లా జానెడు జానెడు కోసి కొత్త ఇనుము అతికాడు. రెండో ఏడు సగంలో ఊపిరితిత్తుల జబ్బు బయటపడింది. అయినా వదల్లేదు. ఆగస్టులో ఛాసీ అయిపోయిందన్నాడు. అక్టోబర్లో పోయాడు. నలభై రెండేళ్ళు... ఆ రోజు ఎర్నీ మొహం చూసినవాళ్ళెవరూ మర్చిపోలేదు.

జూడీ పెళ్ళి మార్చి మొదటి శనివారం. మిగతా పని ఎర్నీ నెత్తినేసుకున్నాడు. ఇంజను ఎక్కించాడు, బాడీకి రంగు వేశాడు. దాన్ని ఛాసీ మీద పెట్టి బిగించడమే తరువాయి. శుక్రవారం బండి నా దగ్గరికి పరీక్షకు రావాలి. ఎందుకో గానీ ఆ ఆఖరి పని దగ్గర ఎర్నీ చెయ్యి ఆడటం లేదు.

సోమవారం సాయంత్రం ఆరు. ఎర్నీ షెడ్డుకి తాళం వేసి, చేపలు వేయించే దుకాణానికి వెళ్ళి, పొట్లం చంకలో పెట్టుకుని వెనక్కి వస్తున్నాడు. సందులో పిల్లి కూడా లేదు.

టింగ్...

ఆగాడు.

టింగ్... టింగ్...

చప్పుడు షెడ్డు లోపల్నించి వస్తోంది. తాళం వేసింది వేసినట్టే ఉంది, తాళంచెవి తన జేబులోనే ఉంది.

టింగ్... టప్.

పొట్లం ఎక్కడ పడేశాడో తెలీదు. ఇంటికెళ్ళి తలుపు గడియ వేసుకుని, మంచం మీద బూట్లతోనే కూచున్నాడట.

మంగళవారం కావాలనే అదే వేళకు వెళ్ళి నిలబడ్డాడు. ఈసారి లెక్కపెట్టాడు. ముందునించి వెనక్కి ఎడమ పక్కగా వస్తోంది చప్పుడు. ఆరు దెబ్బలు ఖంగుమన్నాయి, ఏడోది మూగబోయింది. అక్కడే మళ్ళీ కొట్టారు — టప్... టప్... టప్... వదలకుండా.

ఎర్నీ తలుపుకి నుదురు ఆనించి గుసగుసగా పిలిచాడు.

"కీత్?"

చప్పుడు ఆగిపోయింది.

అటునించి నేరుగా పబ్బుకి వచ్చాడు. నాకు సంగతి తెలీదు కదా, "ఏరా, విల్ఫ్ కనిపించాడా? పాలిపోయావేం?" అని వేళాకోళం చేశాను.

"చప్పుడు విన్నాను."

"నీ చెవులకా? పక్కన ఫిరంగి పేలినా, టీ పెట్టమంటావా అని అడిగే రకం నువ్వు."

నవ్వలేదు. "విల్ఫ్ కాదురా అది" అన్నాడు.

"మరెవరు?"

గ్లాసు వంక చూస్తూ మరోటి అడిగాడు. "ఛాసీలో ఒక్కచోట... అరచేతి మేర లప్పం ఉందనుకో. శుక్రవారం ఏం చేస్తావు?"

"మా అమ్మ బండైనా కాగితం ఇవ్వను. అందులో పెళ్ళికూతురు కూచోవాలి కదరా! చక్రాన్ని ఛాసీకి పట్టి ఉంచే స్ప్రింగు అక్కడ ఊడొస్తే కొండ మలుపులో ఏమవుతుందో ఈ ఊరికి నేను కొత్తగా చెప్పాలా?"

తలూపి లేచిపోయాడు. గ్లాసు నిండుగా అలాగే ఉంది.

బుధవారం చప్పుడు మొదలవగానే తాళం తీశాడు. దీపం వెయ్యలేదు... వేస్తే పోతాడేమోనని భయమట. ఎవరు పోతారని నేను అడగలేదు, వాడు చెప్పలేదు.

లోపల తారు వాసన. పైన పగిలిన అద్దంలోంచి రేవు దీపాల వెలుతురు కాస్త పడుతోంది. గోడకి ఆనించిన బాడీ, స్టాండ్ల మీద ఛాసీ... దాని కింద, నేల మీద, రెండు కాళ్ళు.

కీత్ పనిబట్టలు. నీలం గుడ్డ, మోకాలి దగ్గర వెల్డింగ్ నిప్పుకి కాలిన చిల్లులు. ఎర్నీ గుర్తుపట్టాడు.

టప్.

పరుగెత్తాలని అనిపించలేదట. దగ్గరికి వెళ్ళి, నేల మీద చతికిలబడి, మెల్లగా అడిగాడు.

"చలేస్తోందా రా, నాన్నా?"

సుత్తి ఆగింది. తర్వాత కిందనించి ఏడుపు వినిపించింది. ఆడగొంతు.

"నేను మామయ్యా... బ్రెండాని."

కీత్ భార్య. మొగుడి బట్టల్లో, మొహం నిండా తారు మరకలతో పాక్కుంటూ బయటికి వచ్చింది. కీత్ తాళంచెవి ఆమె దగ్గరే ఉండిపోయింది. షెడ్డుకి వెనక పడవలు దించే వైపు ఇంకో తలుపుంది, అటునించి వచ్చేదట.

"ఏంటమ్మా ఇది..." అన్నాడు ఎర్నీ.

"మీకు వినపడాలని కొట్టాను. తాళం వేసి వెళ్ళి మళ్ళీ ఈ దారినే వస్తారుగా." ముక్కు చీదుకుంది. "చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు మామయ్యా. నోరు విప్పి చెప్పను. కొడితే ఒట్టు తప్పినట్టు కాదనుకున్నాను."

"దేనికి ఒట్టు?"

"మీకు తెలీకూడదని." ఇక ఆగలేకపోయింది, ఒట్టు సంగతి గాలికి పోయింది. "ఆగస్టు వచ్చేసరికి వెల్డింగ్ పట్టుకోవడానికి చేతులు నిలవలేదు. అంతా చేశాడు, ఈ ఒక్క ముక్కే మిగిలింది. పేపర్ కుక్కి లప్పం పెట్టేశాడు. పూర్తయిందని మీతో అనిపించుకోవాలనే ఒకటే తపన. మీరొచ్చి చివరిదాకా కొట్టి చూశారు. మీ చెవులకి అందలేదు. ఇవాళో రేపో బాడీ బిగించేస్తారు... శనివారం జూడీ ఎక్కుతుంది... నేనెలా ఊరుకోను మామయ్యా?"

ఎర్నీ ఆమె చేతిలోంచి సుత్తి తీసుకుని పక్కన పెట్టాడు.

"నా చెవులు బాగానే ఉన్నాయమ్మా. ఆ రోజే విన్నాను."

మూలనున్న పాత కుర్చీ వైపు చూపించాడు.

"వాడు ఆ కుర్చీలో దుప్పటి కప్పుకుని కూచున్నాడు, నా మొహమే చూస్తూ. వాడు పుట్టింది మొదలు వాడు చేసిన పని ఒక్కటి బాగుందన్న పాపాన పోలేదు నేను. ఏది తెచ్చి చూపించినా వంక పెట్టి పంపేవాణ్ణి. పనిమంతుడవుతాడని. ఏడో దెబ్బకి తెలిసిపోయింది... ఏమనను? 'శభాష్ రా, ఎక్కడా వంక పెట్టేందుకు లేదు' అన్నాను. ఎనిమిదో దెబ్బ కొట్టుకుంటూ వెళ్ళిపోయాను."

"మరి... తెలిసీ ఇన్నాళ్ళూ ఎందుకు కొయ్యలేదు?"

ఎర్నీ లేచి చేతిదీపం వేశాడు. ఛాసీ కిందకి వంగి చూపించాడు. అక్కడ తారు ఎప్పుడో గీకేసి ఉంది. బూడిదరంగు లప్పం మధ్యలో, ఆరకముందు నొక్కిన బొటనవేలి ముద్ర. గీతలతో సహా స్పష్టంగా ఉంది.

"కోద్దామని నాలుగుసార్లు గ్రైండర్ పట్టుకున్నాను. నావల్ల కాలేదు" అన్నాడు.

బ్రెండా తన వేలు ఆ ముద్రలో పెట్టింది. వేలు సన్నం, ముద్ర పెద్దది. అలాగే ఉంచి, "ఆ రాత్రి ఎంత నవ్వాడో తెలుసా మామయ్యా" అంది. "మా నాన్నని బోల్తా కొట్టించాను చూశావా అని. దగ్గొచ్చి ఊపిరాడకపోయినా నవ్వు ఆపలేదు. నేను తిట్టాను కూడా."

"నవ్వాడా?"

"అవును."

"ఎలా నవ్వాడు? మొత్తం చెప్పు. ఇంటికెళ్ళిన దగ్గర్నించి చెప్పు."

ఆమె చెప్పింది. మంచం మీద ఎటు తిరిగి కూచున్నాడో, ఎవరిని అనుకరించాడో, శభాష్ అన్న మాటని తనచేత ఎన్నిసార్లు అనిపించుకున్నాడో, అంతా చెప్పింది. ఎర్నీ స్టాండు పట్టుకుని వింటూనే ఉన్నాడు. ఆమెకి చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదని తెలిశాకే దీపం ఆమె చేతికిచ్చి, గ్రైండర్ ఆన్ చేసి, ఆ ముక్క కోసేశాడు. వేలిముద్రతో సహా.