లూలే వేసిన ఓటు

మా పట్టణసభకు ఎవరు ఎన్నికవుతారో నేను ముందే చెప్పేస్తాను. ఇన్నేళ్ళలో ఒక్కసారీ నా మాట తప్పలేదు. ఈసారి పక్కింటి లూలే గెలుస్తుందని ఊరంతా చాటాను.

సోమవారం పొద్దున్నే తెలిసింది, లూలే ఒక్క ఓటుతో ఓడిపోయిందని. సరే, ఒప్పేసుకుంటున్నాను: నేను పేరెత్తినవాళ్ళు ఇంతవరకు ఎవరూ గెలవలేదు. నన్ను చూస్తే అభ్యర్థులు వీధి మారిపోతారు.

ఓదార్చడానికి వాళ్ళింటికి వెళ్ళి కూర్చున్నాను. రేవు పక్కనున్న చిన్నపిల్లల బడిలో లూలే ముప్ఫై ఏళ్ళు వంట చేసింది. మేయరు ఆ బడిని మూయించాలని చూస్తున్నాడు. దాన్ని ఆపడానికే, నలుగురిలో నోరు విప్పని ఆ మనిషి పోటీకి దిగింది. తీరా సభలో చివరి కుర్చీ కట్టెలమ్మే హెయినోకి దక్కింది.

"మేయరు చెయ్యెత్తితే ఆయనా ఎత్తుతాడు. ఇక బడి పోయినట్టే," అంది లూలే. కూతురి వైపు తిరిగింది. "కెర్తూ, నువ్వు నాకు వేశావుగా?"

రొట్టెకు వెన్న రాస్తున్న కెర్తు చెయ్యి ఆగింది. "కంప్యూటర్లో వేశానమ్మా. కానీ నీ పేరు రాలేదు. రాజధాని వాళ్ళ పేర్లే వచ్చాయి. నా చిరునామా అక్కడిదేగా. అక్కడివాళ్ళకి ట్రాములో టికెట్ అక్కర్లేదని అలా రాయించుకున్నా."

"తిండి ఇక్కడ, పడక ఇక్కడ, ఓటు అక్కడా! ట్రాము కోసం తల్లిని అమ్మేశావే!"

"నిలబడుతున్నానని నువ్వు చెప్పి చచ్చావా? గోడ మీద కాగితం చూసి తెలుసుకున్నా! అప్పటికి చిరునామా మార్చుకునే గడువే దాటిపోయింది. ఈ ఇంట్లో ఎవరూ ఎవరికీ ఏదీ చెప్పరు!"

"నావైపు చూడకండి," అన్నాడు లూలే భర్త ఊనో, పేపరు దించకుండానే. "ఓటు కాగితం మీద అభ్యర్థి అంకె వెయ్యాలిగా, లూలే అంకె చేతిమీద రాసుకెళ్ళి మరీ వేశా. ఇంతకీ లూలే, నువ్వెవరికి వేశావే?"

లూలే లేచి పొయ్యిలో ఇంకో కట్టె పెట్టింది.

"అమ్మా?"

"హెయినోకి."

"ఏంటీ!"

"నా అంకె నేనే రాసుకుంటానా, సిగ్గులేకుండా? ఆయనెలాగూ ఓడిపోతాడు, పాపం, ఒక్క ఓటైనా పడనీ అనుకున్నా."

"అదే నీకు వేసుకునుంటే గెలిచేదానివి కదమ్మా!"

"తెలుసే. పొద్దుట్నించీ తెలుసు. అందుకేగా నీ మీద అరుస్తున్నా," అంటూ లూలే బావురుమంది.

కెర్తు లేచి తల్లి భుజం పట్టుకుంది. "పద, హెయినో ఇంటికెళ్దాం. ఆ కుర్చీ ఎవరి ఓటుతో వచ్చిందో చెప్దాం. బడి మూయడానికి చెయ్యెత్తుతాడేమో చూద్దాం."

"నాకు మాట రాదే."

"నేను మాట్లాడతా. నువ్వు పక్కన నిలబడు చాలు."

ఇద్దరూ వెళ్ళారు. లూలే బావురుమందన్నానే, అదొక్కటీ నేను కల్పించింది. మా వాళ్ళు పొరుగువాడి ముందు ఏడవరు. ఆవిడ నిజంగా చేసింది ఇదీ: పొయ్యి దగ్గర వెచ్చబడుతున్న కూతురి బూట్లు తెచ్చి, లేసులు వదులుచేసి, గుమ్మంలో పెట్టింది.