పన్నెండు నుంచి రెండు దాకా

సోమవారం పొద్దున పదింటికి చార్త్ర్ స్టేషన్‌లో, విమానాల ఫ్యాక్టరీలో నక్షాలు గీసే డ్రాఫ్ట్స్‌మన్ ఒకడు రైలు కింద పడి చనిపోయాడు. పడ్డాడని స్టేషన్ మాస్టర్ రాసుకున్నాడు. తోశారని పారిస్‌లో ఒక కర్నల్‌కి తెలుసు. ఎందుకంటే, పోయినవాడి ఎడమ బూటులో మడతపెట్టిన కాగితం దొరికింది. దాని మీద రెండే మాటలు: "గురువారం. రెక్క."

"కూర్చో, మల్బోస్క్," అన్నాడు కర్నల్.

కెప్టెన్ మల్బోస్క్ కూర్చోలేదు. ఆ మనిషి కుర్చీలో నిలకడగా ఉండగా చూసినవాళ్ళు లేరు. కిటికీ దగ్గరికి వెళ్ళాడు, తలుపు దగ్గరికి వచ్చాడు, మళ్ళీ కిటికీ.

"పోయినవాడు పనిచేసిన వెర్దియాక్ ఫ్యాక్టరీ కొత్త బాంబర్. రెండు ఇంజన్లు, ఐదుగురు మనుషులు. గురువారం రెండున్నరకి మినిస్ట్రీ కమిషన్ ముందు ఎగరాలి."

"కూలితే?"

"ఐదుగురు పోతారు. ఆర్డర్ పోతుంది. సరిహద్దు అవతల ఎవరో షాంపేన్ తెరుస్తారు."

"లోపల మన మనిషి ఎవరు?"

"ఇరేన్ వాల్దెక్. ఫ్యాషన్ పత్రిక విలేకరి. మనకీ పని చేస్తుంది, వాళ్ళకీ చేస్తుంది. మనకే ఎక్కువ చేస్తుందని నమ్మకం."

"ఉత్త నమ్మకమేనా, సార్?"

"అదైనా ఉంది కదా. వెళ్ళు."

ఇదంతా తర్వాత్తర్వాత మల్బోస్క్ నోటివెంట విన్నదే. మాకు తెలిసిందల్లా, మంగళవారం పొద్దున ఫ్యాక్టరీలో మా బట్ట షెడ్డులోకి కొత్త వార్నిష్ పనివాడొకడు వచ్చాడని. మాసిన కోటు, అతికించిన మీసం, జేబులో మడత స్కేలు. ఆ స్కేలు చివర గోరంత అద్దం, లోపల దీపం ఉన్నాయని అప్పుడెవరికి తెలుసు!

ఆ విమానానికి ఎముకలు ఇనుమువే గానీ రెక్క వెనక సగానికి చర్మం మాత్రం నారబట్ట. మేం ఆడవాళ్ళం పన్నెండుమందిమి దాన్ని లాగి బిగించి, రెండువేళ్ళకొక ముడి చొప్పున కుట్టేవాళ్ళం. పైన వార్నిష్ పూస్తే బట్ట డప్పులా బిగుసుకునేది. ఆ వార్నిష్‌ది మాగిపోయిన పియర్ పళ్ళ వాసన. గంట పీలిస్తే తల తిరుగుతుంది. అందుకని పదింటికి అందరికీ తలో గ్లాసు పాలు పోసేవారు.

కొత్తవాడు నిలబడే రెండు గ్లాసులు తాగాడు. మా షెడ్డు పెద్ద తిఫేన్ అమ్మ సూది ఆపి వాణ్ణే చూసింది.

"నువ్వు వార్నిష్‌వాడివి కాదు నాయనా."

"అదేంటి, తిఫేన్ అమ్మా?"

"ఆ పని చేసేవాళ్ళు పాలంటే మొహం చిట్లిస్తారు. నువ్వు మూతి నాక్కున్నావు. ఆ మీసం కూడా జారుతోంది, సర్దుకో."

మల్బోస్క్ మీసం సర్దుకున్నాడు.

తిఫేన్ అమ్మది సముద్రం ఒడ్డు. తండ్రి దగ్గర వలలు అల్లడం నేర్చుకుంది, అదీ ఎడమచేత్తో. ఆమె ముడి పక్కకి వాలి ఉంటుంది, చీకట్లో తడిమినా పోల్చుకోవచ్చు. ఉన్న ఒక్క కొడుకు ఎమిలియాన్ ఆ బాంబర్ ముక్కులోనే, గాజు గదిలో కూర్చుని గురి చూసే పనిలో ఉన్నాడు. రెక్కలు తగిలించిన అద్దాల బీరువా అని మేమంతా దాన్ని చూసి నవ్వేవాళ్ళం. ఆమె నవ్వేది కాదు.

"నువ్వు పోలీసువో, దొంగవో నాకనవసరం. నా కొడుకుని ఆ బీరువాలో పెట్టి పైకి పంపుతున్నారు. దించే పూచీ నీదేనా?"

"నాదే," అన్నాడు మల్బోస్క్.

బుధవారమంతా రెక్క కింద పడుకుని ప్రతి కుట్టూ వెతికాడు. ఏమీ లేదు. రాత్రికి డైరెక్టరుకి తనెవరో చెప్పి, హ్యాంగర్ చుట్టూ ముప్పైమంది సైనికుల్ని నిలబెట్టి, తనూ తెల్లారేదాకా పచార్లు చేశాడు. ఈగ వాలలేదు.

గురువారం పొద్దున కారు దిగింది ఇరేన్ వాల్దెక్. ఆకుపచ్చ గ్లవ్స్, వంపు టోపీ. చేతిలో వెండి పౌడరు డబ్బా, దాని అద్దం వెనక కెమెరా.

"పియర్ పళ్ళు పండాయా, మదాం?" అన్నాడు మల్బోస్క్. అది కోడ్.

"ఒకవైపే, మెస్యూ." అదీ కోడే. ఆమె పెదవులకి రంగు దిద్దుకుంటూ గొంతు తగ్గించింది. "రెక్క అన్నది దారి తప్పించడానికి. ఎడమ ఇంజన్ చూడు."

నమ్మాడు పాపం. పన్నెండుదాకా ఎడమ ఇంజన్ విప్పి మళ్ళీ బిగించాడు. దానికి ఏ రోగమూ లేదు.

భోజనాల సైరన్ మోగింది. ఇక చూడండి, సైనికులతో సహా అందరూ ఎక్కడివక్కడ వదిలేశారు. కాపలావాడు హ్యాంగర్‌కి తాళం వేసి, తాళంచెవి పక్కనే మేకుకి తగిలించి క్యాంటీన్‌కి వచ్చాడు. కమిషన్ పెద్దలు, డైరెక్టరు, పైలట్ రూవిల్, మేము, అందరం పొడవాటి బల్లల దగ్గర చేరాం. కుందేలు మాంసం నూరి చేసిన పేట్, కోడికూర, చిక్కుళ్ళు. ఇంజన్లో నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోలు అమ్మే స్విస్ ఏజెంటు హోల్మ్ మాత్రం సూపు తాగి, కడుపునొప్పి అని లేచిపోయాడు. అయ్యో పాపం అన్నాం.

జున్ను వచ్చేసరికి ఒంటిగంటన్నర. మల్బోస్క్ కాళ్ళు బల్ల కింద ఆగడం లేదు.

"మీ కామంబేర్ జున్ను ఇంకో ముక్క, డైరెక్టరు గారూ," అంది ఇరేన్. "తొందరేముంది? విమానం పారిపోతుందా?"

కమిషన్ పెద్దలు పగలబడి నవ్వారు. పైలట్, అతనితో ఎగిరే మనుషులు రెండింటికి లేచి వెళ్ళారు. మిగిలినవాళ్ళకి, మైదానం కనిపించే కిటికీల దగ్గర, కాఫీ వచ్చింది. దూరంగా ఇంజన్లు మోగాయి. అప్పుడు మల్బోస్క్ కాపలావాడి వైపు తిరిగాడు.

"రాత్రి ముప్పైమంది ఉన్నారు. పన్నెండు నుంచి రెండుదాకా ఎవరున్నారు?"

వాడు వింతగా చూశాడు. "అప్పుడా? అందరూ తింటుంటారు కదా మెస్యూ. ఆ వేళప్పుడు ఎవడు పని చేస్తాడు?"

"ఈ దేశంవాడు కానివాడు!" అని మల్బోస్క్ లేచేసరికి కుర్చీ వెనక్కి పడింది.

అప్పుడే తిఫేన్ అమ్మ గుమ్మంలోకి రొప్పుతూ వచ్చింది. విమానం బయటికి తీసేటప్పుడు రెక్కని ఒకసారి నిమరడం ఆమెకి అలవాటు. కుడిచేతి చూపుడువేలు ఎత్తి పట్టుకుంది.

"అంటుకుంది చూడు! ఎండని వార్నిష్! కింద మూరెడు కుట్టు విప్పి మళ్ళీ కుట్టారు. ఆ ముడులు నావి కావు, వాలు లేకుండా స్కేలు పెట్టినట్టున్నాయి!"

మల్బోస్క్ ఆ వేలు వాసన చూశాడు. పియర్ పళ్ళు.

"ఆపమనలేదా?"

"ఆ మోతలో ఎవడు వింటాడు? పద!"

గుమ్మం దగ్గరున్న మోటార్‌సైకిల్ ఎవరిదో, దాని మీద ఇద్దరూ ఎక్కారు. గోధుమచేల పక్కగా, గడ్డి మీద, విమానం అప్పటికే గాలికి ఎదురు తిరిగి పరుగు అందుకుంటోంది. మల్బోస్క్ దానికి ఎదురుగా బండి పడేసి చేతులూపాడు. పైలట్ రూవిల్‌కి ఆయన ఎవడో పిచ్చివాడిలా కనిపించాడు. వేగం తగ్గించలేదు. మల్బోస్క్ కదల్లేదు. పుట్టాక మొదటిసారి ఆ మనిషి ఒకచోట నిలబడ్డాడు.

తిఫేన్ అమ్మ వచ్చి ఆయన ముందు నిలబడి, అరచెయ్యి పైకెత్తి, చెంప పగులుతుందన్నట్టు ఊపింది.

గాజు గదిలోంచి ఎమిలియాన్ అరిచాడు. "ఆపెయ్, రూవిల్! మా అమ్మ!"

"కమిషన్ చూస్తోందిరా!"

"కమిషన్ కొట్టదు. ఆమె కొడుతుంది!"

రూవిల్ ఇంజన్లు ఆపేశాడు. గాజు ముక్కు తిఫేన్ అమ్మకి నాలుగడుగుల దూరంలో ఆగింది.

చాకుతో కుట్టు విప్పితే, లోపల రెక్క అంచు పలకని తిప్పే కేబుల్. ఏడు పోగుల్లో ఐదు ఆకురాయితో అరగదీసి ఉన్నాయి. గాలిలో మొదటి మలుపుకే తెగేది. ఎమిలియాన్ దిగి వచ్చి, మిగిలిన రెండు పోగుల్నీ వేలితో తడిమాడు. తల్లి వాడి టోపీ సరిచేసింది, అంతే.

గేటు దగ్గర ఇరేన్ కారుని సైనికులు ఆపారు. వెనక సీట్లో హోల్మ్.

"కడుపునొప్పి తగ్గిందా?" అంటూ మల్బోస్క్ వాడి చెయ్యి పట్టుకుని వాసన చూశాడు. పియర్ పళ్ళే.

ఇరేన్ పౌడరు డబ్బా తీసి తనే ఇచ్చేసింది. "చచ్చినవాడు రెక్క అని రాసిపెట్టినా నువ్వు నా మాటే నమ్మావు, కెప్టెన్. అది మాత్రం నీ రిపోర్టులో రాయకు."

"రాస్తాను, మదాం. మీరు కాఫీ తాగకుండా లేచారు. పారిస్‌లో నేనిప్పిస్తాను. కిటికీకి ఊచలుంటాయి, సర్దుకోండి."

తర్వాతి వారం విమానం ఎగిరింది, క్షేమంగా దిగింది, ఆర్డర్ వచ్చింది. ఆ తర్వాత ఇంజన్ మార్చమన్నారు, తుపాకీ మార్చమన్నారు, ముక్కు మార్చమన్నారు. దళాల్లో చేరేసరికి నాలుగేళ్ళు. అప్పటికి ఎదుటివాళ్ళ ఫైటర్లు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి రాగలిగేవి. యుద్ధం మొదటి చలికాలమంతా ఎమిలియాన్ దాన్లోంచి శత్రువుల మీద బాంబులు కాదు, ప్రచారం కాగితాలు వేశాడు. ఏం రాశారురా వాటి మీద అని తల్లి అడిగితే, చదవలేదమ్మా, చేతులు గడ్డకట్టాయి అన్నాడు. కుట్లు మాత్రం ఒక్కటీ ఊడలేదట. ఆమెకి ఆ మాట చాలు.

మల్బోస్క్ తన రిపోర్టు చివర ఒకే ఒక సిఫారసు రాశాడు: ఇకమీదట హ్యాంగర్‌కి మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా కూడా కాపలా పెట్టాలి.

మూడు వారాల తర్వాత మూడు సీళ్ళతో జవాబు వచ్చింది. "వీలుపడదు. అది భోజనాల వేళ."