పోస్టుకార్డు మందం సందు

మునగపాక వెళ్ళే దారిలో, చెరకుతోటల మధ్య ఒక రేకుల షెడ్డు ఉండేది. ఇప్పుడు లేదులెండి. ఉన్న రోజుల్లో మాత్రం పొద్దుగూకితే అటు మనిషన్నవాడు పోయేవాడు కాదు. బెల్లం వేసుకుని అనకాపల్లి వచ్చే బళ్ళవాళ్ళు కూడా చుట్టు తిరిగి వచ్చేవారు. నేను కళ్ళారా చూడలేదు. మా మత్స్యరాజు మామ చెప్తే విన్నాను. మామ ఇంజన్లు బాగుచేసే ఫిట్టరు. కోతలు కొయ్యడంలో దిట్టే గానీ, ఈ సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఒక్క మాటా అటూ ఇటూ చేసేవాడు కాదు.

ఆ షెడ్డు గంగన్న అనే రైతుది. లోపల చెరకుగానుగ తిప్పే పాత నూనె ఇంజను. దాన్ని నడిపే సత్తియ్య ఒక చలిరాత్రి బెల్టులో తువ్వాలు చిక్కుకుని పోయేడు. చక్రానికి అదిమేసిందనీ, అక్కడికక్కడే ప్రాణం పోయిందనీ గంగన్నే అందరికీ చెప్పేడు.

అప్పట్నుంచి ఇంజనుకి ఒక రోగం పట్టుకుంది. స్టార్టవుతుంది... అరగంట నడుస్తుంది... ఎవరో పీక నొక్కినట్టు ఆగిపోతుంది. సత్తియ్య చెయ్యేస్తున్నాడన్నారు ఊళ్ళో. ఇద్దరు డ్రైవర్లు జీతం కూడా అడక్కుండా పారిపోయేరు.

యుద్ధం రోజులు. కొత్త ఇంజను మాట దేవుడెరుగు, చిన్న నట్టు కూడా దొరికేది కాదు. గంగన్న వచ్చి మా మామ చేతులు పట్టుకున్నాడు. మామ అయిదు రోజులు అక్కడే ఉండి, ఇంజనుని ఊడదీసి, వాల్వులు అరగదీసి, మళ్ళీ బిగించేడు. ఆఖరికి మిగిలింది వాల్వు దగ్గర సందు.

అదేమిటంటే— ఇంజను వేడెక్కితే వాల్వుకుండే ఇనప కాడ సాగుతుంది. సాగడానికి కాస్త చోటుండాలి. లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, దమ్ము పోయి ఇంజను ఆగిపోతుంది. మామ దగ్గర కొలిచే రేకుల్లేవు. పోస్టుకార్డు ముక్క దూర్చి, అది బిర్రుగా కదిలేటట్టు నట్టు బిగించేవాడు. సందుంటే ఇంజను టిక్కు టిక్కుమని సన్నగా చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు వింటే మామకి కడుపు నిండిపోయేది.

సాయంత్రం గంటసేపు నడిపితే ఇంజను ఎక్కడా ఆగలేదు. ఆ ధైర్యంతో గంగన్న మర్నాడు తెల్లారకుండానే చెరకు కొట్టించేసేడు. తీరా గానుగ మొదలెట్టిన అరగంటకి... ఇంజను ఆగిపోయింది.

మామ మూత తీసి చూసేడు. కార్డుముక్క దూరలేదు. నట్టు బిగించే ఉంది గానీ సందు లేదు.

తనే పొరపాటు చేసేననుకుని మళ్ళీ సరిచేసి, నడిపి చూసుకుని పడుకున్నాడు. మర్నాడూ అంతే. అప్పుడు మామకి అనుమానం వచ్చింది. నట్టు తనంతట తను వదులవుతుందేమో గానీ, తనంతట తను తిరిగి బిగుసుకోదు కదండీ.

కొట్టిన చెరకు ఎండకి వాడిపోతోంది. ఇంకొక్క రోజు ఆగితే రసం పులిసిపోతుంది, ఇక పొయ్యిలోకే. గంగన్న ఏడాది కష్టమంతా ఆ కుప్పలోనే ఉంది. మామ ఆ రాత్రి సందు సరిచేసి, ఇంటికెళ్తున్నానని చెప్పి, వెనకనుంచి షెడ్డులోకి దూరి, లాంతరు ఆర్పేసి మూల కూర్చున్నాడు.

చీకటంటే మామూలు చీకటి కాదు. తన చెయ్యి తనకి కనపడలేదట. ఎక్కడో నక్కలు కూసేయి, ఆగిపోయేయి. ఆ తర్వాత చెరకాకు కూడా కదల్లేదు.

ఎంతసేపైందో... తలుపు కిర్రుమంది.

తెరిచిన తలుపులోంచి పడ్డ చుక్కల వెలుగులో తెల్లటి ఆకారం. నెత్తిమీంచి కాళ్ళదాకా గుడ్డే. చేతిలో దీపం లేదు. తడుముకోలేదు. ఆ చీకట్లో సరాసరి ఇంజను దగ్గరికెళ్ళి, మూత తీసింది.

టిక్... ఇనుము మీద ఇనుము. టిక్...

మామ నూకాలమ్మ తల్లీ, నూకాలమ్మ తల్లీ అని లోపల్లోపలే అనుకున్నాడు. తడిమి అగ్గిపెట్టె తీసేడు. అగ్గిపుల్ల గీస్తే విరిగింది. రెండోదీ విరిగింది. ఆ ఆకారం ఇటు తిరిగింది. ఒక అడుగు వేసింది...

మూడో పుల్ల అంటుకుంది.

దుప్పటి కింద గంగన్న మొహం. చేతిలో స్పానరు.

మామకి భయం పోయి ఒళ్ళు మండింది. "నీ ఇంజను నువ్వే సంపుకుంటన్నావేటి?" అని రెక్క పట్టుకుని కుదిపేసేడు.

గంగన్న స్పానరు కింద పెట్టేసేడు. ఇంజను ఆగిపోవడానికి కారణం అదేనని తనకి నిజంగా తెలీదన్నాడు. ఆ టిక్కు టిక్కు వినలేక, అది ఒక్కటీ పోతే చాలనుకుని, రోజూ రాత్రి వచ్చి సందు మూసేసి వెళ్ళేవాడట.

మామ లాంతరు వెలిగించి గంగన్న చేతికిచ్చి, కార్డుముక్క తీసి సందు మళ్ళీ సరిచేసేడు. తెల్లవారుజామున ఇంజను లేచింది. అరగంట దాటింది, గంట దాటింది. చెరకంతా గానుగకెక్కింది. పొయ్యి మీద రసం పొంగుతోంది. కూలీలు నవ్వుతున్నారు.

గంగన్న మాత్రం చెవులు మూసుకుని గోడవారన కూర్చున్నాడు. మామ పక్కన చేరి, ప్రతీ ఇంజనూ ఇలాగే కొట్టుకుంటాదిరా, దీనికింత భయమేటి అని మెల్లిగా అడిగేడు.

గంగన్న చెవుల మీంచి చేతులు తీసేడు. తర్వాత గుసగుసగా అన్నాడు.

"ఆ రాత్రి ఇంజను ఆగిపోయింది బావా. నాను పక్క పాకలో పడుకున్నాను. టిక్కు టిక్కుమని స్పానరు సప్పుడు ఇనపడింది. సత్తియ్య సందు సరిసేత్తన్నాడు అనుకున్నాను. సలికి లేవబుద్దవక దుప్పటి కప్పేసుకున్నాను..."

మళ్ళీ చెవులు మూసుకున్నాడు.

"తెల్లారేదాకా ఆ సక్రం మీద కొడతానే ఉన్నాడు బావా."