కోళ్లు మాత్రం బలిశాయి

పిల్ల లేవకముందే రొట్టెలన్నీ కాల్చేయడం ముత్యమ్మకు అలవాటైపోయింది. కాన్పుకు ముందు రోజూ గటక వండేది. జొన్నరవ్వ ఉడుకుతున్నంతసేపూ పొయ్యి ముందు కూర్చుని తెడ్డు తిప్పాలి. మూడు నెలల పసిగుడ్డును అంతసేపు ఎవరికివ్వాలి? అత్త ఎంకమ్మ చేతులు వణుకుతాయి. ఎక్కడ జారవిడుస్తుందోనని ముత్యమ్మకు భయం. అందుకే గటక మానేసి, రెండు పూటలకూ సరిపడా రొట్టెలు ఒకేసారి చేసి గంపలో పెట్టేసేది. అత్తకు రెండు, కుక్కకు ఒకటి.

మొగుడు మొగులయ్య గొర్లమందతో కొల్లూరు దిక్కు పోయి పది రోజులైంది. ముసలిదైందని కుక్కను, నల్లోడిని, ఇంటి దగ్గరే వదిలిపెట్టాడు.

ఆ పొద్దున పటాన్‌చెరు నుంచి ఖదీర్ వచ్చాడు, దొడ్లో ఉన్న పొట్టేలును బేరమాడటానికి. నడుం మీద వేళ్లు నొక్కి, "వెన్నుబొక్క చేతికి తగుల్తలేదు. మంచి కండ పట్టింది," అన్నాడు. తర్వాత అతని చూపు కుక్క మీద పడింది. "ఏంది ఎంకమ్మక్కా, పొట్టేలుకు దావతు, కుక్కకు రోజా ఉపాసమా?"

"మంచిగనే ఉన్నడు గద భాయ్," అంది ముత్యమ్మ. "బొచ్చు సూడు, ఎట్లున్నదో."

"బొచ్చు సూసి బేరం జేస్తే మా పిల్లలు అడుక్కతింటరు చెల్లే. కుక్కను నేను ముట్ట. నువ్వే చెయ్యేసి సూడు."

ముత్యమ్మ చెయ్యి వేసింది. దట్టమైన బొచ్చు కింద గంప పుల్లల్లా ఒక్కో పక్కటెముకా వేళ్లకు తగిలింది. వెన్ను కొడవలి అంచులా ఉంది. చప్పున చెయ్యి తీసేసుకుంది.

ఖదీర్ గడప దాటగానే ఎంకమ్మ అడిగింది. "వానికేం పెడుతున్నవే?"

"రోజు రొట్టె ఏస్తనే ఉన్న. గిన్నె ఖాళీ అయితనే ఉన్నది."

"తింటే బొక్కలెందుకు తేలుతయ్?"

"అంటే నేను పెడుతలేననా అత్తా?" ముత్యమ్మ గొంతు లేచింది. "సంకల పిల్ల, ఒక్క చెయ్యి. ఎన్నని సూడాలె? ఇంట్ల కూసోని తినేటోళ్లు జెర కుక్కనన్న సూసుకోరాదా?"

మాట జారింది. ఎంకమ్మ "నిజమే బిడ్డా," అని లోపలికి వెళ్లిపోయింది.

మరునాడు ముత్యమ్మ నల్లోడి గిన్నెలో రొట్టె వేసి, తలుపు చాటున కూర్చుని పిల్లకు పాలిస్తూ ఆ గిన్నె మీదే కన్నేసింది. అంతలో ఎంకమ్మ తన పళ్లెం పట్టుకుని అరుగు మీదికొచ్చింది. చిన్న ముక్క తుంచి నోట్లో వేసుకుని, ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు తిప్పింది. నమలలేకపోయింది. నీళ్లు పోసుకుని, గొంతు పట్టుకుని మింగింది. మిగిలినదంతా నల్లోడి గిన్నెలో వేసింది.

"తినురా. నీకన్న పండ్లున్నయేమో."

నల్లోడు వాసన చూశాడు. నోట కరుచుకున్నాడు. కొరకలేక వదిలేశాడు. పొడి నాకి, గోడ పక్కన ముడుచుకుని పడుకున్నాడు. అప్పుడొచ్చాయి కోళ్లు, నాలుగూ ఒక్కసారిగా. గిన్నె ఖాళీ.

మా కోళ్లు ఎంత బలిసినయో చూడండని వాడంతా చెప్పుకుని మురిసిన ముత్యమ్మ ఆ తలుపు దగ్గరే కొయ్యబారిపోయింది.

ముత్యమ్మ అడుగుల చప్పుడుకు ఎంకమ్మ ఉలిక్కిపడింది. "నేను తిన్ననే..."

ముత్యమ్మ దగ్గరికొచ్చింది. కొంగు కింద అత్త వీపు మీద చెయ్యి వేసింది. నిన్న నల్లోడి దగ్గర నేర్చుకున్న చెయ్యి అది. అవే పక్కటెముకలు. అదే వెన్ను.

"ఎన్ని దినాల సంది అత్తా?"

"నువ్వు గటక బందు పెట్టినప్పటి సంది."

"నానబెట్టుకోని తినరాదా?"

"చల్లవడ్డ రొట్టె నానినా కుత్తికల అడ్డం పడతది బిడ్డా."

"ఒక్కమాట నాకు చెప్పరాదా?"

"పసిపిల్ల తల్లివి. పొగల కూసోని తెడ్డు తిప్పమని ఏ నోటితోటి చెప్పాలె?"

ముత్యమ్మ మెల్లగా పిల్లను అత్త ఒడిలో పడుకోబెట్టింది. ఎంకమ్మ చేతులు వణుకుతూనే పిల్ల చుట్టూ బిగుసుకున్నాయి. ఏ కుండకూ అంత గట్టి చుట్టుకుదురు ఉండదు. మూడు నెలలు ఈ ఒడి ఖాళీగానే ఉంది. తను ఇవ్వలేదు, అంతే.

పొయ్యి రాజేసి రవ్వ పోసింది. మెత్తగా ఉడికిన గటక మొదట అత్త పళ్లెంలో, మజ్జిగ పోసి. చల్లారిన ముద్ద నల్లోడి గిన్నెలో. నల్లోడు తోకాడిస్తూ గిన్నె అడుగుదాకా నాకాడు. కోళ్లు ఉరికొస్తే ఎంకమ్మ కాలితో అదిలించింది. "హుష్! ఇగ మీ దావతు అయిపోయింది."

ముత్యమ్మ నవ్వబోయింది. అంతలో ఎంకమ్మ ఖాళీ పళ్లెం ముందుకు జరిపింది.

"ముత్యా, ఇంకింత ఎయ్యవా?"

మూడు నెలల్లో అత్త నోట ఆ మాట ఒక్కసారైనా వినలేదని ముత్యమ్మకు అప్పుడే గుర్తొచ్చింది. కుండలోకి వంగింది. గరిటె చేతిలోనే ఉంది గానీ, కళ్ల నిండా నీళ్లు. పళ్లెం కనిపించలేదు.