మూడింటి చప్పుడు

పాటలు లేని సినిమా సీడీని గోదావరిఖనిలో ఎవరూ కొనరని రఘుపతి నమ్మకం. హైదరాబాద్ హోల్‌సేల్ వాడు అంటగడితే ఒక్కటి తెచ్చి, లక్ష్మీనగర్‌లోని తన మ్యూజిక్ షాపులో భక్తి పాటల పక్కన పడేశాడు. 2005 వానాకాలంలో ఒక సాయంత్రం ఆ ఒక్కదాని మీదే రెండు చేతులు పడ్డాయి.

ఒక చెయ్యి యేసుకుమార్‌ది. గని వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్. ఆదివారం చర్చిలో గిటారు వాయిస్తాడు, మిగతా రోజుల్లో రాక్ సంగీతం వింటాడు. రెండో చెయ్యి ఫెబాది. పదో తరగతి కాగానే హైదరాబాద్ హాస్టల్‌కి వెళ్ళిపోయి, అక్కడే డిగ్రీతోపాటు వయొలిన్ కూడా నేర్చుకుని, ఈ మధ్యే ఇంటికొచ్చి ఒక ప్రైవేటు స్కూల్లో మ్యూజిక్ టీచరుగా చేరింది.

"నేను ముందు పట్టుకున్న," అన్నాడు యేసుకుమార్.

"మీరు చూస్తున్నరు. నేను కొంటున్న."

"మేడం, దీంట్ల పాటలుండయి. ఉత్త బీజీఎం, సీన్ల ఎనక మోగే మ్యూజిక్."

"తెలుసు. పాటలుంటే నేను ముట్టుకునేదాన్నే కాదు."

అతనికి ఆ మాట నచ్చింది. నచ్చినా సీడీ మాత్రం వదల్లేదు.

"ఏ ప్లేయర్ వాడుతరు?" అని అడిగింది ఫెబా.

యేసుకుమార్ సీడీ అట్ట వైపు చూపు తిప్పాడు. వాళ్ళింట్లో ఉన్నది క్యాసెట్ డెక్కు. సీడీ కొని, ఇక్కడే క్యాసెట్‌లోకి ఎక్కించుకుని పోతుంటాడు. ఆ రహస్యాన్ని రఘుపతి కౌంటర్ వెనక నుంచి నలుగురికీ వినపడేలా చెప్పేశాడు.

"ప్లేయరే లేకుండ సీడీ కోసం కొట్లాడుతున్నరా?" అంది ఫెబా.

"అరె, లొల్లి పెట్టకుండ్రి," అన్నాడు రఘుపతి. "చెల్లె సీడీ తీస్కపోతది. దానికంటె ముందు నేను తమ్మునికి క్యాసెట్ ఎక్కిచ్చిస్త. ఖతం."

అలా ఎవరూ కొనని సీడీని రఘుపతి ఇద్దరికి అమ్మాడు. అప్పటి నుంచి తన వ్యాపార బుద్ధి గురించి అతనికి గొప్ప నమ్మకం ఏర్పడింది.

క్యాసెట్ ఎక్కేదాకా ఆగాలి. బయట వాన. రోడ్డు మీద బొగ్గు లారీల పక్కగా నల్లటి నీళ్ళు పారుతున్నాయి. ఇద్దరూ షట్టర్ కింద నిలబడ్డారు. అతని చొక్కా జేబులో క్యాసెట్ ఒకటి కనిపిస్తోంది. అట్ట మీద ఎర్ర రైలు బొమ్మ.

"అదేంది?"

"రాక్. ఇంగ్లీషోళ్ళ బ్యాండు. మొన్ననే కొన్న. వింటరా?"

"తలనొప్పికి మంచిదా?"

"వచ్చేటందుకా, పోయేటందుకా?"

ఫెబా నవ్వాపుకోవడానికి వాన వైపు చూసింది. క్యాసెట్ మాత్రం తీసుకుంది. బదులుగా సంచిలోంచి తను ఇష్టంగా వినే వేణువు క్యాసెట్ తీసి ఇచ్చింది.

"ఒక్క మాట. వినకుండ బాగుందని చెప్పొద్దు. బాగలేదంటే నాకు కోపం రాదు. వినకుండ చెప్తే మాత్రం జన్మల మాట్లాడ."

"గంత పట్టింపేంది?"

"హైదరాబాద్‌ల ఒకాయన నా వయొలిన్ కచేరీ అద్భుతంగ ఉందన్నడు. ఆ రోజు కరెంటు పోయి కచేరీయే జరగలేదు."

ఆ 'ఒకాయన' ఎవరని యేసుకుమార్ అడగలేదు. కానీ ఇంటికి పోయేదాకా అదే ఆలోచించాడు.

*

అతనికి ఫస్ట్ షిఫ్టు పడిన వారాల్లో సాయంత్రం షాపు దగ్గర కలిసేవాళ్ళు. సెకండ్ షిఫ్టు పడితే ఆమె స్కూల్ వదిలే వేళకి అతను డ్యూటీలో ఉంటాడు. అప్పుడు రఘుపతే రాయబారి. "రైలుబొమ్మ క్యాసెట్ల మొదటి పాట రోడ్డు రోలర్ లెక్క ఉందట, నాలుగోది మాత్రం మస్తుందట," అని అటు చెప్పేవాడు. "వేణువు వింటె నిద్రొచ్చిందట, కానీ మంచి నిద్రట," అని ఇటు చెప్పేవాడు.

నాలుగో పాటని ఫెబా నిజంగానే చాలాసార్లు వింది. "మిగతా పాటలల్ల గిటారు అరుస్తది. దాంట్ల బేస్ ఒక్కటే నడుస్తది, పొద్దుగాల డ్యూటీకి పోయే మనిషి లెక్క. తక్కినోళ్ళు ఎందుకు అరుస్తున్నరో అప్పుడు అర్థమైంది," అంది.

ఆ పాట తను వందసార్లు విన్నా అంత సంగతి తట్టలేదని యేసుకుమార్ ఒప్పుకున్నాడు.

"మీ కర్ణాటక సంగీతంతోని నాకొచ్చే తిప్పలు చెప్పాల్నా? రాక్‌ల కోపమొస్తే మొదటి నిమిషంలనే తెలుస్తది. మీదాంట్ల మా అవ్వ లెక్క. అలిగిందో లేదో అరగంట దాక తెల్వది."

"అలిగిందని తెలిసినంక?"

"ఇగ లేవబుద్ధి కాదు."

బీజీఎం సీడీ విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట. అందులో హీరో బస్టాండులో ఎదురుచూస్తాడని అట్ట మీద రాసి ఉన్న చోట చెల్లో వాయిద్యం ఒక్కటే మోగుతుంది. బస్సు రాదు. సినిమా చూడకుండానే బస్సు రాదని ఇద్దరికీ తెలిసిపోయింది. ఇది రాక్ కంటే గొప్పదా, రాగం కంటే గొప్పదా అని వాదించుకుంటూ ఒక సాయంత్రమంతా గడిపారు. ఎప్పుడు 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందో ఇద్దరూ గమనించలేదు. రఘుపతి గమనించాడు.

*

చలికాలం మొదలయ్యేసరికి ఫెబా తల్లి సుగుణమణి అసలు మాట ఎత్తింది.

"హైదరాబాద్ సంబంధం మళ్ళ అడుగుతున్నరు బిడ్డా. అదే, కచేరీ మెచ్చుకున్న పిల్లగాడు. బ్యాంకు ఉద్యోగం. నీ మనసుల ఎవరన్న ఉంటే చెప్పు. లేకపోతే వచ్చే ఆదివారం చర్చి అయినంక రమ్మంట."

ఫెబా గడువు అడిగింది. మనసులో ఎవరున్నారో ఆమెకి తెలుసు. కానీ తెలియాల్సింది ఇంకొకటుంది. తనకి నచ్చాలని అతను అన్నిటికీ తలూపుతున్నాడా, నిజంగా వింటున్నాడా?

ఆ వారమే ఆమె కొత్త వయొలిన్ సీడీ కొంది. ఖరహరప్రియ రాగం, సీడీ నిండా ఒక్క ఆలాపనే. రఘుపతి రికార్డింగ్ డెక్కు పాడైంది. అందుకని శనివారం ఒంటిపూట బడి అయ్యాక ఇంట్లోనే, సీడీ ప్లేయర్ స్పీకర్ ముందు నాన్న పాత టేప్ రికార్డర్ పెట్టి ఎక్కించింది. రెండో వైపు చివరికొచ్చేసరికి మధ్యాహ్నం మూడైంది.

మూడింటికి ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగు, బొగ్గు మీది బండని మందుపెట్టి పేలుస్తారు. ఫెబా హాస్టల్‌కి వెళ్ళినప్పుడు ఆ గని ఇంత దగ్గరికి రాలేదు. ఇప్పుడు రోజూ ఇల్లు అదురుతుంది. సరిగ్గా వయొలిన్ తీగ సన్నగా సాగి ఆగబోయే చోట ధడేల్‌మంది. కిటికీ రెక్కలు గలగలలాడాయి. వంటింట్లో స్టీలు గిన్నెలు మోగాయి. అంతా టేపులోకెక్కింది.

మళ్ళీ మొదటి నుంచి చేద్దామనుకుంది. అంతలోనే ఇంకో ఆలోచన వచ్చింది. చివరిదాకా విన్నవాడు ఈ చప్పుడు సంగతి ఎత్తకుండా ఉండలేడు. ఉండనీ.

యేసుకుమార్ వారం తిరక్కుండానే క్యాసెట్ పట్టుకొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఇన్నొద్దులు నువ్విచ్చినయన్ని ఒకెత్తు, ఇదొకెత్తు. మూడుసార్లు విన్న."

"చివరిదాక?"

"చివరనే అసలుంది. రెండో వైపు అయిపోయే ముందర తీగె ఇట్ల సన్నగ సాగి ఆగుతది చూడు. ఆడ ఏం సప్పుడుండది. ఆ నిశ్శబ్దం... ఏ రాక్ బ్యాండుకు అంత ధైర్యముండది తెలుసా."

ఫెబా ముఖంలో నవ్వు ఆరిపోయింది.

"నిశ్శబ్దమా?"

"అవును."

"ఏం సప్పుడు లేదా?"

"లేదు. ఏమైంది?"

ఆమె క్యాసెట్ లాక్కుంది. "నువ్వు గూడ గంతేనా," అని మాత్రం అని వెళ్ళిపోయింది. ఇంటికెళ్ళి తల్లితో "రమ్మనమ్మా," అంది. రమ్మన్నాక వంటింట్లో కూర్చుని చాలాసేపు ఏడ్చింది. ఉల్లిగడ్డలు కోస్తున్నానని చెప్పింది. సుగుణమణి ఆ రోజు వండింది టమాటా పప్పు, అందులో ఆమె ఉల్లిగడ్డ వెయ్యదు.

*

శనివారం మధ్యాహ్నం. ఫెబా తండ్రి మార్కు, గని ఆఫీసులో క్లర్కుగా చేసి రిటైరయ్యాడు. వరండాలో పేపరు చదువుకుంటూ, టేప్ రికార్డర్‌లో ఏ క్యాసెట్ ఉందో చూడకుండా మీట నొక్కాడు. వయొలిన్ మొదలైంది. ఒక వైపు అయ్యాక తిప్పి పెట్టాడు కూడా. ఫెబా లోపల్నుంచి వచ్చి ఆపేద్దామనుకునేసరికి టేపులో ధడేల్‌మంది. గిన్నెలు మోగాయి.

మార్కు పేపరు తిప్పాడు. అంతే.

"డాడీ, ఇప్పుడు ఏం వినపడ్డది?"

"వయొలిన్. మంచిగుంది బిడ్డా."

ఆమె వెనక్కి తిప్పి మళ్ళీ వినిపించింది. "ఇప్పుడు?"

"వయొలినే. ఏంది, నాకు చెముడొచ్చిందనుకుంటున్నవా?"

సుగుణమణిని పిలిచి వినిపించింది. ఆమె కూడా "వయొలిన్ ఆగినట్టుంది కదా," అంది. ఫెబా మళ్ళీ తిప్పి, సరిగ్గా ధడేల్‌మన్న చోట వేలు చూపించింది. "ఇది! ఇది వినపడతలేదా?"

మార్కు తెల్లబోయాడు. "ఓ... అదా. అది బ్లాస్టింగు గద. అది సప్పుడెట్లయితది?"

ఫెబా కుర్చీలో కూలబడింది. ఆ తర్వాత ఏమీ దాచకుండా చెప్పేసింది. సీడీ కోసం కొట్లాడిన దగ్గర్నుంచి ఉల్లిగడ్డల దాకా. భార్యాభర్తలు ముఖాలు చూసుకున్నారు.

"ఎవరి పిల్లగాడు?" అన్నాడు మార్కు.

"పోశం అంకుల్ కొడుకు. అంకుల్ మీ గనిలనే చేసిండట."

"పోశం కొడుకా!" మార్కు పేపరు మడిచి పక్కన పెట్టాడు. "సుగుణా, హైదరాబాదోళ్ళకు ఫోన్ చేసి వద్దని చెప్పు. ఆ సప్పుడు వినపడనోడంటే వాడు మనోడే."

ఫెబా అప్పటికే చెప్పులేసుకుంటోంది.

*

షాపులో యేసుకుమార్ ఉన్నాడు. అతని ముందు కొత్త సీడీ ఒకటి. అదే వయొలిన్, అదే ఖరహరప్రియ. ఆమెని చూడగానే లేచి నిలబడ్డాడు.

"నేను వినలేదనుకున్నవు. నేనేం వినలేదో విందామని రఘుపతన్నతోని తెప్పిచ్చిన. పొద్దటి సంది ఈడనే కూసోని వింటున్న. ఆడ నిశ్శబ్దమే ఉన్నది ఫెబా. కావాల్నంటే విను."

అతని గొంతులో కోపం ఉంది. కోపం కింద బాధ ఉంది. ఫెబాకి రెండూ వినిపించాయి.

"ఉన్నది," అంది. "డిస్కుల ఉన్నది. నేను నీకిచ్చిన టేపుల లేదు."

సంచిలోంచి క్యాసెట్ తీసి రఘుపతికి ఇచ్చింది. రఘుపతి షాపులోని టేప్ రికార్డర్‌లో పెట్టాడు. తీగ సాగింది, ధడేల్‌మంది, గిన్నెలు మోగాయి. ముగ్గురిలో ఒక్క ఫెబాయే ఉలిక్కిపడింది.

"మళ్ళ పెట్టన్నా," అన్నాడు యేసుకుమార్. మళ్ళీ పెట్టాక అతని చెయ్యి నోటి మీదికి పోయింది. "అయ్యో. ఇంత పెద్దగ ఉన్నదా!"

"నాకిప్పటికీ ఏం వినపడతలే," అన్నాడు రఘుపతి.

"అంటే నువ్వు నాకు పరీక్ష పెట్టినవు," అన్నాడు యేసుకుమార్ ఆమె వైపు తిరిగి.

"పెట్టిన. తప్పే. కోపమొస్తే అరువు, మీ రాక్ లెక్క. మీ అవ్వ లెక్క మాత్రం అలుగకు, నాకు అరగంట టైం లేదు."

"ఎందుకు లేదు?"

"రేపు చర్చి అయినంక చూడనీకి రావాల్సినోళ్ళను డాడీ వద్దన్నడు. చాయ్‌పత్తి, బిస్కిట్లు తెచ్చిపెట్టినయి అట్లనే ఉన్నయి. ఎవరో ఒకరు రావాలె."

యేసుకుమార్‌కి అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. అర్థమయ్యాక, పాట ఎక్కడ ఆగాలో అంత బాగా చెప్పినవాడు తన మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నిలబడ్డాడు.

"తమ్మీ, ఇప్పుడు నిశ్శబ్దం వద్దు," అన్నాడు రఘుపతి.

"బాపును తీస్కొని వస్త," అన్నాడు యేసుకుమార్. "నువ్వంటే నాకిష్టం ఫెబా. మూడుసార్లు గాదు, ఇంకెన్నిసార్లన్న వింట."

"వినకుండ మాత్రం బాగుందనొద్దు."

"అనను."

*

ఏప్రిల్‌లో ఫెబా వాళ్ళింట్లోనే ప్రధానం, అంటే నిశ్చితార్థం, జరిగింది. పాస్టరు గారు ఇద్దరి ఉంగరాలూ చేతిలో పట్టుకుని కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నారు. హైదరాబాద్ నుంచి వచ్చిన పిన్ని కూతురు సంతోషి కెమెరా పట్టుకుని ముందు నిలబడింది.

మూడైంది. ఇల్లు అదిరింది, కిటికీలు గలగలలాడాయి. సంతోషి కెవ్వున అరిచి కెమెరా వదిలేసింది. పాస్టరు గారు ప్రార్థన ఆపలేదు.

ఫెబా ఒక కన్ను తెరిచి చెల్లెలి వైపు చూసింది.

"ఏమైందే?" అంది మెల్లగా.

"ఏమైందేంటక్కా! అంత చప్పుడైతే!"

"ఏం చప్పుడు?"

యేసుకుమార్ తల తిప్పి ఆమెని చూశాడు. వెనక వరసలో మార్కు, పోశం మోచేతులతో ఒకరినొకరు పొడుచుకున్నారు. అప్పుడు తెలిసింది ఫెబాకి, తనేం వినలేదో. సిగ్గుతో ముఖమంతా ఎర్రబడింది. ఆమెన్ అనేదాకా ఇద్దరూ నవ్వు బిగబట్టుకుని తలలు వంచుకునే ఉన్నారు.