కుడి చెవి

2071లో గుంటూరులో పాట వినేవాళ్లు ఇద్దరు ఎదురుపడితే "ఏం విన్నారు?" అని అడగడం మానేశారు. "ఏం మరిచారు?" అని అడుగుతున్నారు.

దానికి కారణం తొలివినికిడి యంత్రం. ఒక రికార్డింగును ఏళ్ల తరబడి విన్నవాడికి అందులో ఏ సంగతి తర్వాత ఏ సంగతి వస్తుందో తెలిసిపోతుంది. మొదటిసారి విన్నప్పుడు కలిగింది మళ్లీ కలగదు. యంత్రం ఆ ఒక్క రికార్డింగును మెదడులోంచి తీసేస్తుంది. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, తలకు టోపీ తొడిగి, రికార్డింగును వినిపిస్తారు. వింటున్నంతసేపూ ఏ న్యూరాన్ల మధ్య కదలిక వస్తుందో స్కానర్ గుర్తిస్తుంది. అక్కడి సైనాప్సులను, అంటే స్మృతిముడులను, అల్ట్రాసౌండు వదులు చేస్తుంది. రాగజ్ఞానం పోదు. మనుషులు గుర్తుంటారు. ఆ రికార్డింగూ, దాన్ని అంటిపెట్టుకున్నవీ పోతాయి. అంటే ఎవరిచ్చారు, ఎక్కడ విన్నారు, విన్నప్పుడు పక్కన ఎవరున్నారు అన్నవి. తర్వాత కాసేపు నిద్ర. లేచాక వినికిడి గదిలో అదే రికార్డింగును తొలిసారిగా వింటారు.

విప్పిన ముడిని తిరిగి వేసే మార్గం లేదు.

ప్రయోగదశలో కూర్చున్నవాళ్లందరూ బాగుందన్నారు. బయటికెళ్లి తమ వాళ్లను పంపారు. సోమవారం అనుమతి సంఘం కూర్చుంటుంది. యంత్రాన్ని తయారుచేసిన డాక్టర్ నిహిత సరేనంటే అనుమతి వచ్చినట్టే. ఆమె ఇంకా సరే అనలేదు.

"ఎరుకా, నిన్నటి పెద్దాయన గీత చూపించు," అంది. ఎరుక ప్రయోగశాల యంత్రమేధ.

తెర మీద గీత ఈ చివర నుంచి ఆ చివరకు అడ్డంగా ఉంది. వినేవాళ్ల మణికట్టుకు కట్టే పట్టీ గీసిన గీత అది. రోమాలు నిక్కబొడుచుకోవడాన్ని, నాడిని అది కొలుస్తుంది. దానికి పులకమాపకం అని పేరు పెట్టింది నిహితే.

"గీత కదల్లేదు డాక్టర్ గారూ. ఆయన అన్నమాట: జన్మ ధన్యమైంది."

"నువ్వేమంటావు?"

"పట్టీ అయినా పాడై ఉండాలి, ఆయనైనా అబద్ధం చెప్పి ఉండాలి. పట్టీ పరీక్షించాను. బాగానే ఉంది."

పక్క బల్ల దగ్గర ఇంజనీరు జోసెఫ్ రత్నం టీ తాగుతున్నాడు. "పట్టీకి సంగీతం ఏం తెలుసండీ? మా మావయ్య చర్చిలో ప్రతి ఆదివారం ఏడుస్తాడు. కట్టి చూడండి, ఒక్క రోమం లేవదు," అన్నాడు.

"ఒకరిద్దరికైతే అనుకోవచ్చు రత్నం గారూ. దాదాపు అందరి గీతా ఇంతే. అయినా అందరూ అద్భుతం అంటున్నారు. ఎందుకు?"

"బాగుండి."

"బాగుంటే గీత కదిలేది."

రత్నం గ్లాసు కింద పెట్టాడు. "మరి ఏం చేద్దామంటారు?"

"నేను కూర్చుంటా. అబద్ధం చెప్పాల్సిన అవసరం నాకు లేదు."

ఏ రికార్డింగు మరవాలో ఆమె అప్పటికే అనుకుంది. కోటిపల్లి విశాలాక్షి మచిలీపట్నం కచేరీలో పాడిన ముఖారి రాగం. కాలేజీ హాస్టల్లో ఉన్న రోజుల నుంచి నిహితకు అంతకన్నా ఇష్టమైనది లేదు. ఈ సంగతి చెప్పడానికి రేష్మకు ఫోన్ చేసింది. రేష్మ హాస్టల్లో ఆమె గదిలోనే ఉండేది. ఇప్పుడు అరండల్‌పేటలో ఆదివారం శ్రోతల సంఘం నడుపుతోంది. అక్కడ వారానికొకరు తమకు నచ్చిన రికార్డింగు తెచ్చి అందరికీ వినిపిస్తారు.

"ముఖారే దొరికిందా నీకు? ఇంకేదైనా మరిచిపోకూడదూ?" అంది రేష్మ.

"ఇష్టం లేనిది మరిచిపోతే ఏం తేలుతుందే?"



"సరే, నేనొస్తా. నువ్వు బాగుందంటే నేనూ అదే మరిచిపోతా. మా సంఘం వాళ్లంతా నా వెనకే. నువ్వు లేదంటే ఒక్కరూ రారు. అంతా నీ నోటి మాట మీదే ఉంది."

"నిజమే చెప్తా."

"నువ్వు చెప్పకపోతే ఇంకెవరు చెప్తారే! సాంబారు గురించి వార్డెన్ మొహం మీదే అన్నదానివి."

శనివారం నిహిత కుర్చీలో కూర్చుంది. "ఎరుకా, బయటికొచ్చాక నిజం చెప్పాలని నాకు గుర్తుచెయ్యి," అంది. రత్నం ఆమె మణికట్టుకు పట్టీ కట్టి, టోపీ తొడిగాడు.

లేచేసరికి వినికిడి గదిలో ఉంది. తనెవరో, ఎందుకొచ్చిందో, బయట ఎవరు ఎదురు చూస్తున్నారో అన్నీ తెలుసు. ఏ రికార్డింగు వినబోతోందో మాత్రం తెలియదు. నాలుగు వైపుల నుంచీ తంబుర మొదలైంది. ఒక గాయని ముఖారి ఆలాపన అందుకుంది. పై షడ్జం దగ్గర గొంతు కొంచెం బిగిసింది. వయొలిన్ ఆమె వెనకే వెళ్లింది. సభలో ఎవరో దగ్గారు. నిహిత ఎదురుచూసింది. పాట అయిపోయింది.

బాగానే ఉంది. ఇంకోసారి వినాలని మాత్రం అనిపించలేదు.

తెర మీద గీత అడ్డంగా ఉంది.

"నిజం చెప్పాలని గుర్తుచేయమన్నారు," అంది ఎరుక.

"తెలుసు."

ఏం చెప్పాలో ఆమె లోపలే అనుకుంది: ఏమీ కలగలేదు, ఎవరూ కూర్చోవద్దు. తలుపు తీసింది. రేష్మ తలుపుకు ఆనుకునే నిలబడి ఉంది. కొంగు చివర వేలికి చుట్టుకుని ఉంది. నిహిత మొహంలోకి చూసింది.

"ఎలా ఉందే?"

"చెప్పలేను," అంది నిహిత. "అంత బాగుంది."

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకు తెలియలేదు. రేష్మ వేలికి చుట్టిన కొంగు వదిలింది. రత్నం చప్పట్లు కొట్టాడు.

"డాక్టర్ గారూ, మీరు గుర్తుచేయమన్నారు," అంది ఎరుక.

"ఆపు."

రేష్మ సంచిలోంచి పాత ప్లేయరును, దానికి తగిలించిన వైరున్న ఇయర్‌ఫోన్లు తీసింది. అలాంటివి నిహిత మ్యూజియంలో చూసింది. "ఇప్పుడు చెప్పొచ్చుగా. మనిద్దరికీ ఇదొక్కటే ఉండేది. ఎడమది నాకు, కుడిది నీకు. ఆ రికార్డింగులో గొంతు ఎడమ వైపు, వయొలిన్ కుడి వైపు. నువ్వు హాస్టల్లో ఉన్నన్నాళ్లూ విశాలాక్షి గొంతు వినలేదే! నా మొహం చూసి ఆవిడ ఎక్కడ పాడుతోందో తెలుసుకునేదానివి."

"తర్వాతైనా నేను రెండు చెవులతో వినలేదా?"

"ఎందుకు వింటావు? వద్దనేదానివి. రా, కూర్చో."

ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. వైరు పొట్టిది కావడంతో భుజాలు తగిలాయి. నిహిత కుడి చెవిలో వయొలిన్ ఒక మాట పలికి ఆగింది. తర్వాత ఖాళీ. ఆ ఖాళీలో ఏముందో తెలియక ఆమె పక్కకు తిరిగింది. రేష్మ కళ్లు మూసుకుని ఉంది, పెదవులు కదులుతున్నాయి, గడ్డం పైకి లేస్తోంది. గడ్డం దిగేసరికి వయొలిన్ అందుకుంది.

"గీత కదిలింది," అంది ఎరుక. పట్టీ ఇంకా నిహిత మణికట్టుకే ఉంది.

రత్నం తెర దగ్గరికి పరిగెత్తాడు. "చూశారా! కొంచెం ఆలస్యంగా పనిచేస్తుందన్నమాట, అంతే. అందరికీ ఇలాగే అయ్యుంటుంది, మనం పట్టీ ముందే తీసేశాం!"

నిహిత చేతి మీద రోమాలు లేచి ఉన్నాయి. గీత కదిలింది రికార్డింగుకు కాదని ఆమెకు తెలిసింది. ఆ మాట చెప్పాలంటే ఇందాకటి మాట అబద్ధమని ముందు చెప్పాలి. రేష్మ నవ్వుతోంది.

"ఇక నా వంతు."

"ఇవాళొద్దులే రేష్మా. తర్వాత చూద్దాం."

"ఏం, నువ్వొక్కదానివే సుఖపడాలా?"

"అది కాదు. నేను..."

"బాగుందన్నావా లేదా?"

రత్నం చూస్తున్నాడు. "అన్నాను," అంది నిహిత.

రేష్మ ఇయర్‌ఫోన్లు ఆమె ఒళ్లో పెట్టి లోపలికి వెళ్లింది. టోపీ తొడిగే ముందు అద్దాల కిటికీలోంచి చెయ్యి ఊపింది. నిహిత లేచి అద్దం దాకా వెళ్లింది. తట్టడానికి చెయ్యి ఎత్తింది. లోపల ఎర్రదీపం వెలిగింది. వెలిగాక ఆపితే మెదడుకు ప్రమాదమని నియమం రాసింది ఆమే. చెయ్యి దించింది.

గొంతు ఎడమ వైపు, వయొలిన్ కుడి వైపు, నా మొహం చూసి తెలుసుకునేదానివి. ఆ మాటలు మరిచిపోకుండా లోపల చెప్పుకుంటూ కూర్చుంది. ఇక అవి తెలిసింది ఆమెకే. ఆమెకైనా అవి విన్న మాటలే.

రేష్మ నిద్ర లేచింది, వినికిడి గదిలో రికార్డింగు వింది. తలుపు తెరుచుకుంది. తెర మీద గీత అడ్డంగా ఉంది.

"ఎలా ఉందే?" అంది నిహిత. కొంగు చివర వేలికి చుట్టుకుని ఉంది.

రేష్మ ఆమె మొహంలోకి చూసింది. తర్వాత వేలికి చుట్టిన కొంగును చూసింది.

"చెప్పలేను," అంది. "అంత బాగుంది. మా వాళ్లందరికీ చెప్తా."

నిహిత ఇయర్‌ఫోన్లలో ఎడమది తీసి ఆమె ముందుకు చాపింది. రేష్మ దాన్ని అందుకుని తిప్పి చూసింది. తిరిగి నిహిత చేతిలో పెట్టింది.

"ఇదెందుకే? లోపల అంత మంచి స్పీకర్లున్నాయిగా," అంది.